‘వచ్చు’ అంటే కెన్నా, మేనా, మైటా? ఇంగ్లిష్‌లో అనుమానం చెప్పేటప్పుడు ఏ మాట ఎంచుకోవాలి

కొన్నేళ్ళ కిందట మా టీమ్‌లో ఒక కుర్రాడు క్లయింట్‌కి మెయిల్ రాశాడు. వాడి మనసులో ఉన్నది తెలుగులోనే ఉంది: “శుక్రవారానికి ఇచ్చెయ్యొచ్చు.” అన్నీ కలిసొస్తే అయిపోతుంది, గ్యారంటీ ఏమీ లేదని దానర్థం. మెయిల్లో రాసింది మాత్రం “వుయ్ కెన్ డెలివర్ ఇట్ బై ఫ్రైడే”. శుక్రవారం సాయంత్రం అవతల నుంచి ఫోన్ వచ్చింది, ఇస్తామన్నారు కదా, ఏదీ అని. “ఇవ్వొచ్చు అన్నానంతే, ఇస్తామని ఎక్కడన్నాను!” అని వాడు మా ముందు లబోదిబోమన్నాడు. ఆ మెయిల్ పంపేముందు నేనూ చదివాను. నాకూ అందులో తప్పు కనిపించలేదు.

తప్పంతా ‘వచ్చు’ దగ్గర ఉంది. మనకు ఈ ఒక్క మాట ఎన్ని పనులు చేస్తుందో చూడండి. “నాకు ఈత వచ్చు” అంటే నైపుణ్యం. “ఇక్కడ కూర్చోవచ్చు” అంటే అనుమతి. “ఈ దారిన కూడా వెళ్ళొచ్చు” అంటే వీలు. “రేపు వాన పడొచ్చు” అంటే అనుమానం. ఇంగ్లిష్‌లో ఈ నాలుగింటికీ ఒకే మాట సరిపోదు. స్కూల్లో ‘కెన్ అంటే గలడు, మే అంటే వచ్చు’ అని బట్టీ పట్టి వదిలేశాం. అక్కడి నుంచి ఇప్పటిదాకా ఏది ముందు నోటికొస్తే అది వాడుతున్నాం.

నిజానికి అనుమానాన్ని మెట్లుమెట్లుగా చెప్పడం మనకు కొత్తేమీ కాదు. వచ్చి తీరతాడు, వచ్చే ఉంటాడు, ఈపాటికి వచ్చి ఉండాలి, వచ్చి ఉండొచ్చు, వచ్చాడేమో, వచ్చి ఉండకపోవచ్చు, వచ్చి ఉండడు. ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఎవరూ నేర్పకుండానే మనకు తెలుసు. ఆ తెలుగు చెవినే ఇంగ్లిష్ మాట ఎంచుకోవడానికి వాడుకోవాలి.

ముందు శాతాల నిచ్చెన పక్కన పెట్టండి

చాలా గ్రామర్ పుస్తకాల్లో, కోచింగ్ సెంటర్ల గోడల మీద ఒక నిచ్చెన బొమ్మ ఉంటుంది. పైన మస్ట్, దాని కింద షుడ్, తర్వాత మే, అడుగున మైట్. పక్కన 95, 80, 50, 30 అంటూ శాతాలు. చూడ్డానికి బాగుంటుంది, వాడబోతే పనికిరాదు. ఇంగ్లిష్ సొంత భాషగా ఉన్నవాళ్ళు కూడా ఈ మాటలకు ఒకే శాతం అనుకోరు.

దీనికి ఒక పాత ముచ్చట ఉంది. 1951లో అమెరికా గూఢచారి విశ్లేషకులు యుగోస్లావియా మీద సోవియట్ పక్షం దాడి జరగడం ‘సీరియస్ పాసిబిలిటీ’ అని ఒక నివేదికలో రాశారు. అంటే ఎంత అని విదేశాంగ శాఖ అధికారి ఒకాయన అడిగితే, ఆ పని చూసిన షెర్మన్ కెంట్, జరిగే వీలు 65, జరగని వీలు 35 అన్నాడు. అవతలాయన కంగుతిన్నాడు, ఆయన చాలా తక్కువ అనుకున్నాడట. కెంట్‌కు అనుమానం వచ్చి, అదే నివేదికకు ఒప్పుకున్న తన తోటివాళ్ళను ఒక్కొక్కరినే అడిగాడు. ఒకరు 20 శాతం అన్నారు, ఇంకొకరు 80 అన్నారు. అందరూ కలిసి కూర్చుని, ఒక్కో మాటా చూసి ఒప్పుకున్న వాక్యం అది!

మన దగ్గర ‘లైక్లీ’ సంగతి చూడండి. వాతావరణ శాఖ బులెటిన్లలో లైక్లీ అంటే 25 నుంచి 50 శాతం. ఐక్యరాజ్య సమితి నిపుణుల బృందం ఐపీసీసీ వాతావరణ మార్పుల నివేదికల్లో అదే లైక్లీ అంటే 66 శాతం పైమాటే. మాట ఒకటే, కొలత రెండు రకాలు. అయితే వీళ్ళిద్దరూ తమ కొలతేమిటో పట్టిక వేసి ముందే చెబుతారు. మన మెయిల్ కింద అలాంటి పట్టిక ఉండదు.

మరి దేన్ని బట్టి ఎంచుకోవాలి?

నేను నాలుగు విషయాలు చూసుకుంటాను. అన్నిటికన్నా పెద్దది మొదటిదే.

ఒకటి, నా చేతిలో ఉన్నదేమిటి? కళ్ళెదుట ఆనవాలుందా, లెక్క ప్రకారం జరగాల్సిందా, ఊరికే ఊహా, లేక ఆ వస్తువు స్వభావమే అంతా? రెండు, చెబుతున్నది జరిగిపోయినదా, ఇప్పటిదా, రాబోయేదా? మూడు, ‘కాదు’ అని చెప్పాలా? చాలామంది పడిపోయేది ఇక్కడే. నాలుగు, చదివేది ఎవరు, నా మాట పట్టుకుని వాళ్ళు ఏం చేస్తారు?

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. బావ విశాఖ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వస్తున్నాడు. మీరు పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళారు. బావ ఇంటికి చేరాడా లేదా అన్నది ప్రశ్న.

| మాట | చేతిలో ఉన్నది | తెలుగులో దగ్గరి రూపం | కాదనాలంటే |
|---|---|---|---|
| మస్ట్ | ఆనవాలు, దాన్ని బట్టి తేల్చుకోవడం | వచ్చే ఉంటాడు | కాంట్ |
| విల్ | తెలిసిన అలవాటు, గట్టి నమ్మకం | వచ్చేసుంటాడులే | వోంట్ |
| షుడ్ | టైమ్ టేబుల్, లెక్క, ప్లాన్ | ఈపాటికి వచ్చి ఉండాలి | షుడెంట్ |
| మే | తెలియదు, రెండు వైపులా వీలుంది | వచ్చి ఉండొచ్చు | మే నాట్ |
| మైట్ | తెలియదు, కొంచెం తటపటాయింపు | వచ్చాడేమో | మైట్ నాట్ |
| కుడ్ | ఉన్న అవకాశాల్లో ఇదొకటి | అదీ అయ్యుండొచ్చు | మైట్ నాట్ తీసుకోవాలి |
| కెన్ | స్వభావం, ఒక్కోసారి జరిగేది | ఒక్కోసారి అలా అవుతుంది | కాంట్ |

కుడ్ వరసలో ‘కాదనాలంటే’ గడి చూశారు కదా. దాని కథ కొంచెం కిందికి వెళ్ళాక చెబుతాను.

మస్ట్: గుమ్మం ముందు చెప్పులు

వాకింగ్ నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు కొత్త చెప్పులున్నాయి. లోపల కాఫీ వాసన. “హి మస్ట్ బి హియర్.” మనిషిని చూడలేదు, ఆనవాలు చూసి తేల్చుకున్నారు. మస్ట్ పని అదే. మనిషిని కళ్ళతో చూసేశాక ఇక మస్ట్ అక్కర్లేదు, “హి ఈజ్ హియర్” అంటే చాలు. విచిత్రం ఏమిటంటే, మస్ట్ అని గట్టిగా అన్నామంటేనే మనకు నేరుగా తెలియదని ఒప్పుకున్నట్టు. తెలుగులోనూ అంతే. ‘వచ్చే ఉంటాడు’ అన్నది ‘వచ్చాడు’ కన్నా ఒక మెట్టు కిందే కదా.

మస్ట్‌తో రెండు చిక్కులున్నాయి. మొదటిది, రేపటి సంగతికి ఇది పనికిరాదు. “ఇట్ మస్ట్ రెయిన్ టుమారో” అంటే ‘రేపు వాన పడే ఉంటుంది’ అన్న అర్థం రాదు, ‘పడాల్సిందే’ అని వరుణ దేవుడికి ఆర్డర్ వేసినట్టుంటుంది. ‘పడి తీరుతుంది’ అనాలంటే “ఇట్ ఈజ్ బౌండ్ టు రెయిన్” అనండి.

రెండోది దాని ‘కాదు’ రూపం. ఆ చెప్పులు చూసి మీ ఆవిడ, “బావ కాదు, ఆయనెప్పుడూ షూసే కదా వేసేది” అంటుంది. ఇంగ్లిష్‌లో “దట్ కాంట్ బి హిమ్”. ఇక్కడ మస్ట్ నాట్ పెడితే చాలాచోట్ల ‘కాకూడదు’ అన్న నిషేధంలా వినిపిస్తుంది. అమెరికన్లు “హి మస్ట్ నాట్ బి హోమ్” అని ఊహకు కూడా వాడతారు, తప్పు కాదు. కానీ కాంట్ వాడితే ఏ దేశంవాళ్ళకైనా ఒకే అర్థం వెళ్తుంది.

విల్: తెలిసినవాళ్ళ ధీమా

రోజూ ఏడింటికి బెల్ మోగుతుంది. ఇవాళా మోగింది. “దట్ విల్ బి ద మిల్క్‌మ్యాన్.” ఇది రేపటి మాట కాదు, ఇప్పుడు గుమ్మం దగ్గరున్న మనిషి గురించి. మనవాళ్ళు ఈ విల్ పెద్దగా వాడరు, వాడకపోయినా నష్టం లేదు. మనం దీని బదులు ‘వుడ్’ వాడతాం: “హి వుడ్ హావ్ రీచ్డ్ బై నౌ.” ‘చేరి ఉంటాడు’కి మన దేశమంతటా వినిపించే ఇంగ్లిష్ ఇదే. బయటి దేశంవాళ్ళు ఇది విని “ఇఫ్?” అని ఎదురుచూస్తారు, ‘ఏదో అడ్డం రాకపోతే చేరి ఉండేవాడు’ అని అర్థం చేసుకుంటారు. వుడ్ తీసేసి మస్ట్ పెట్టండి, లేదా షుడ్.

షుడ్: లెక్క ప్రకారం

బండి టైమ్‌కే వచ్చిందని ఫోన్లో చూశారు. స్టేషన్ నుంచి ఇంటికి అరగంట. “హి షుడ్ బి హోమ్ బై నౌ.” ఆనవాలేమీ లేదు, లెక్క మాత్రమే ఉంది. లెక్క తప్పినా మీ మాట పోదు. “రావాలే, ఇంకా రాలేదేంటి?” అని తెలుగులో అన్నట్టే ఉంటుంది.

ఆఫీసుల్లో అందరికన్నా ఎక్కువ చాకిరీ చేసే మాట ఇది. “ఇట్ షుడ్ వర్క్ నౌ.” “షుడెంట్ బి ఎ ప్రాబ్లమ్.” నేను చేయాల్సింది చేశాను, తర్వాత దేవుడి దయ, అని దీని తాత్పర్యం.

షుడ్‌కి ఒక గుణం ఉంది, పుస్తకాల్లో తక్కువ చెబుతారు. మంచి జరుగుతుందని చెప్పేటప్పుడే ఇది అతుకుతుంది. “ద బస్ షుడ్ కమ్ ఎట్ సిక్స్” బాగుంది. “ద బ్రిడ్జ్ షుడ్ కొలాప్స్ టుడే” అంటే మాత్రం శాపనార్థం పెట్టినట్టుంటుంది. తెలుగులో చెప్పి చూసుకోండి. ‘బస్సు ఆరింటికి రావాలి’ అంటే సరే. ‘బ్రిడ్జి ఇవాళ కూలాలి’ అంటే? పక్కవాళ్ళు మిమ్మల్ని వింతగా చూస్తారు. చెడు వార్తకి ‘లైక్లీ టు’ గానీ, మైట్ గానీ, కుడ్ గానీ తీసుకోండి.

మే, మైట్, కుడ్: అసలు గందరగోళం ఇక్కడే

బావ ఫోన్ ఎత్తట్లేదు. బండెక్కాడో లేదో కూడా తెలియదు. ఏమో, వచ్చాడేమో. ఇప్పుడు ఈ మూడింట్లో ఏది?

‘మే కన్నా మైట్‌కి నమ్మకం తక్కువ’ అని మనకు నేర్పారు. పూర్తిగా అబద్ధం కాదు. కానీ రోజువారీ మాటల్లో ఆ తేడా దాదాపు అరిగిపోయింది. ఇప్పుడు కనిపించే తేడా ఎక్కువగా వాడే చోటులో ఉంది. పరిశోధన వ్యాసాల్లో, ఆఫీసు నోటీసుల్లో మే ఎక్కువ. మాటల్లో మైట్, కుడ్ ఎక్కువ. ఫ్రెండ్‌తో “ఐ మే కమ్” అంటే కొంచెం బిగుసుకున్నట్టుంటుంది. “ఐ మైట్ కమ్” సహజంగా ఉంటుంది. అయితే పెళ్ళికి పిలిచినవాళ్ళతో “ఐ మైట్ కమ్” అనకండి. మనం ‘చూద్దాం, వీలైతే వస్తా’ అంటే రాడని అర్థమైపోతుందే, అదీ అలాగే.

మాటల బలం కన్నా తేడా బయటపడేది మూడు చోట్ల.

మొదటిది ‘కాదు’. “హి మే నాట్ ఎంటర్” అన్న వాక్యానికి రెండు అర్థాలున్నాయి: లోపలికి రాకపోవచ్చు, లోపలికి రాకూడదు. “విజిటర్స్ మే నాట్ యూజ్ దిస్ లిఫ్ట్” అని బోర్డు ఉంటే, వాడకపోవచ్చేమో అని ఎక్కకండి. మైట్ నాట్‌కి ఈ గొడవ లేదు, ఎప్పుడూ ‘రాకపోవచ్చు’ అనే అర్థం. ఇక కుడ్ నాట్ పూర్తిగా వేరే దారి పడుతుంది. “హి కుడ్ నాట్ కమ్” అంటే రాలేకపోయాడు. “ఇట్ కుడెంట్ బి హిమ్” అంటే ఆయన అయ్యే వీలే లేదు. అంటే కుడ్‌కి నాట్ తగిలించగానే అనుమానం పోయి, ‘వీల్లేదు’ అన్న ఖాయమైన మాట అవుతుంది. అందుకే పట్టికలో ఆ గడిలో మైట్ నాట్ రాశాను. నాకు తెలిసి మనవాళ్ళ ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇదే. “రేపు మీటింగ్‌కి రాకపోవచ్చు” అనుకుని “ఐ కుడ్ నాట్ కమ్ టుమారో” అని రాసేవాళ్ళని చాలామందిని చూశాను. అవతలివాళ్ళు మీ పేరు తీసేసి మీటింగ్ పెట్టుకుంటారు.

రెండోది ప్రశ్న. “బావ వచ్చి ఉంటాడా?” అని అడగడానికి మే పనికిరాదు. “మే హి బి ఎట్ హోమ్?” అని ఎవరూ అడగరు. “కుడ్ హి బి ఎట్ హోమ్?” అనాలి, లేదా “డూ యూ థింక్ హి ఈజ్ ఎట్ హోమ్?” అనేస్తే ఏ తలనొప్పీ లేదు. మే ఐ, మే వుయ్ అంటూ మొదలయ్యేవన్నీ అనుమతి అడిగేవే.

మూడోది జాబితా. జ్వరంతో వెళ్తే డాక్టర్ గారు, “ఇట్ కుడ్ బి డెంగ్యూ, ఇట్ కుడ్ బి ఎ వైరల్ ఫీవర్, లెట్స్ డూ ఎ టెస్ట్” అంటారు. ఆ కుడ్‌లో ‘ఎక్కువ ఛాన్స్’ అన్న సూచన ఏమీ లేదు. తోసిపుచ్చలేనివి వరసపెట్టి చెబుతున్నారంతే. ఒక్క కుడ్ విని ఇంటికెళ్ళి టెన్షన్ పడటం అనవసరం.

ఇంకో సంగతి, ‘మేబీ’ వేరు, ‘మే బి’ వేరు. కలిపి రాస్తే ‘బహుశా’, వాక్యం మొదట్లో కూర్చుంటుంది. విడిగా రాస్తే క్రియ. మన నోళ్ళలో ‘మైట్ బీ’ కూడా వాక్యం మొదటికి వచ్చేసింది: “మైట్ బీ హి విల్ కమ్.” ‘ఏమో’ని ఇంగ్లిష్‌లోకి ఎత్తుకుపోయిన మాట అది. “మేబీ హి విల్ కమ్” లేదా “హి మైట్ కమ్” చాలు.

మూడింట్లో ఒకటే గుర్తుపెట్టుకుంటానంటే నేను మైట్ ఇస్తాను. మాటల్లో అనుమతితో కలిసిపోదు, నాట్ చేర్చినా అర్థం తిరగబడదు, నిన్నటికీ రేపటికీ పనిచేస్తుంది. దాని ఒక్క లోపం, అధికారిక కాగితం మీద కొంచెం వెనకడుగు వేసినట్టుంటుంది.

కెన్: రెంటచింతల ఎండ

కెన్ అనుమానానికి కాదు, స్వభావానికి. “టెంపరేచర్స్ ఇన్ రెంటచింతల కెన్ క్రాస్ 45 డిగ్రీస్” అంటే అక్కడ ఎండాకాలంలో ఒక్కోసారి 45 దాటుతుంది, ఆ ఊరి తీరే అంత. రేపటి జోస్యం కాదు. రేపు దాటొచ్చు అనాలంటే “కుడ్ క్రాస్” లేదా “మే క్రాస్”. “ఇట్ కెన్ రెయిన్ టుమారో” అన్నది అందుకే తప్పు.

తెలుగులో పరీక్ష సులువు. మీ వాక్యంలో ‘ఒక్కోసారి’ అని పెట్టి చూడండి. ‘ఒక్కోసారి దాటుతుంది’ అని కుదిరితే కెన్. ‘ఒక్కోసారి రేపు వాన పడుతుంది’ అంటే కుదరదు, కాబట్టి కెన్ కూడా కుదరదు. మరి మొదట్లో చెప్పిన కుర్రాడి వాక్యం? “వుయ్ కెన్ డెలివర్” అంటే వాడు ‘ఇవ్వగలం’ అన్నాడన్నమాట. సామర్థ్యం ఉందని మీరే చెప్పాక, ఇవ్వకపోతే ఎవరైనా అడుగుతారు.

జరిగిపోయిన దానికి ‘హావ్’

మస్ట్‌కి పాస్ట్ టెన్స్ లేదు. చరిత్రలోకి వెళ్తే మస్టే ఒక పాత పాస్ట్ రూపం. మైట్ కూడా మేకి అలాంటిదే, కుడ్ కెన్‌కి. కాలం దూరమవడం పోయి, నమ్మకం దూరమవడం మిగిలింది. కాబట్టి నిన్నటి సంగతికి హావ్ తగిలిస్తాం.

ఇక్కడ జతలుగా గుర్తుపెట్టుకుంటే చాలు. “హి మస్ట్ హావ్ గాన్” అంటే వెళ్ళే ఉంటాడు, “హి హ్యాడ్ టు గో” అంటే వెళ్ళాల్సి వచ్చింది. “హి మే హావ్ సర్వైవ్డ్” అంటే బతికి ఉండొచ్చు, ఇంకా తెలియదు. “హి మైట్ హావ్ సర్వైవ్డ్” అంటే అదీ కావచ్చు, లేదా ‘టైమ్‌కి ఆసుపత్రికి తెస్తే బతికేవాడేమో’ అనీ కావచ్చు. వార్తలు రాసేవాళ్ళు ఈ జతతో జాగ్రత్తగా ఉండాలి. పోయినవాడి గురించి మే హావ్ అని రాస్తే బంధువులకు లేని ఆశ పెట్టినట్టవుతుంది.

“యూ కుడ్ హావ్ కాల్డ్” అని మాత్రం ఎవరైనా అంటే అది అనుమానం కాదు, నిష్ఠూరం. మన ‘ఒక్క ఫోన్ చేసుండొచ్చుగా!’ అచ్చంగా అదే.

మీరెవరైతే ఏది?

ఆఫీసు మెయిల్స్ రాసేవాళ్ళకు అసలు ప్రమాదం కెన్, విల్ లతోనే. రెండూ అవతలివాళ్ళకు మాట ఇచ్చినట్టే వినిపిస్తాయి. షుడ్ మీకు బాగా పనికొస్తుంది, కానీ పక్కన కారణం పెట్టండి. “షుడ్ బి రెడీ బై ఫ్రైడే, ఇఫ్ టెస్టింగ్ గోస్ వెల్” అంటే మీరెక్కడ ఉన్నారో వాళ్ళకు కనిపిస్తుంది. డబ్బు, గడువు ఉన్నచోట ఊరికే మాటలతో సరిపెట్టకుండా అంకె వేసేయడం ఇంకా మంచిది.

ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్ళ ఇబ్బంది వేరు. రైటింగ్ రెండో టాస్కులో 40 నిమిషాల్లో కనీసం 250 మాటల వ్యాసం రాయాలి. మనవాళ్ళు ప్రతి వాక్యాన్నీ విల్‌తో నింపుతారు: “మొబైల్స్ విల్ స్పాయిల్ చిల్డ్రన్.” అందరు పిల్లలూనా? అక్కడ కెన్ గానీ మే గానీ పెడితే వాదన నిలబడుతుంది. అలాగని ప్రతి వాక్యంలో మే, మైట్ చల్లితే రాసినవాడికే నమ్మకం లేనట్టుంటుంది. నేనైతే కారణాలు, ఫలితాలు చెప్పేచోట కెన్, మే వాడి, నా అభిప్రాయం చెప్పే వాక్యాన్ని ఏ మోడలూ (కెన్, మే, విల్ లాంటి సహాయక క్రియ) లేకుండా సూటిగా వదిలేస్తాను.

సాఫ్ట్‌వేర్ డాక్యుమెంట్లు రాసేవాళ్ళు పైన చెప్పినదంతా గుమ్మం బయట విడిచి లోపలికి రావాలి. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళు పాటించే 1997 నాటి పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2119 ప్రకారం మస్ట్ అంటే తప్పనిసరి, షుడ్ అంటే బలమైన కారణముంటే తప్ప పాటించాల్సింది, మే అంటే మీ ఇష్టం. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ప్రమాణాల్లో తప్పనిసరికి షల్, సలహాకి షుడ్, అనుమతికి మే, వీలుకీ సామర్థ్యానికీ కెన్. “ద సర్వర్ మే రిటర్న్ యాన్ ఎర్రర్” అని మీరు ‘ఎర్రర్ రావొచ్చు’ అనుకుని రాస్తే, చదివే డెవలపర్‌కి ‘ఎర్రర్ ఇవ్వడానికి అనుమతి ఉంది’ అని అర్థమవుతుంది. అలాంటి కాగితాల్లో అనుమానం చెప్పాల్సివస్తే మైట్ వాడండి, లేదంటే ఎప్పుడు వస్తుందో నేరుగా రాసేయండి.

లా చదివేవాళ్ళదీ ఇదే తంతు. 2024లో కొత్త చట్టం వచ్చేదాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టంలో ‘మే ప్రిజ్యూమ్’ (నిజమని అనుకోవచ్చు) అంటే కోర్టు విచక్షణ, ‘షల్ ప్రిజ్యూమ్’ (నిజమని అనుకోవాలి) అంటే తప్పనిసరి. ఆ మేలో ‘ఏమో’ అన్న ఊహకు చోటు లేదు.

అనువాదం చేసేవాళ్ళకు తిరుగు ప్రయాణంలో చిక్కు. మందుల కాగితాల మీద “మే కాజ్ డ్రౌజీనెస్” అని ఉంటే ‘మత్తుగా అనిపించవచ్చు’ అని రాస్తాం, సరిపోతుంది. యూరప్‌లో మందుల కరపత్రాల్లో “మే ఎఫెక్ట్ అప్ టు 1 ఇన్ 10 పీపుల్” అని ఉంటుంది. అక్కడ బరువంతా అంకె మోస్తోంది, మే ఊరికే తోడు నడుస్తోంది. దాన్ని ‘10 మందిలో ఒకరి దాకా ఈ ఇబ్బంది రావచ్చు’ అని రాయండి, ‘చాలామందికి రావచ్చు’ అనో ‘అరుదుగా రావచ్చు’ అనో సొంత కవిత్వం కలపకండి. ఇంగ్లిష్‌లో మస్ట్ ఉన్నచోట మాత్రం ఒక్క క్షణం ఆగండి. ‘ఉండాలి’ అని రాస్తే తెలుగులో అటు ఆజ్ఞా ఇటు ఊహా రెండూ వస్తాయి. ఊహ అయితే ‘ఉండే ఉంటుంది’ అన్న రూపమే సేఫ్.

ఆ కుర్రాడు ఇప్పుడు వేరే చోట టీమ్ లీడ్. మొన్న తన జూనియర్ రాసిన మెయిల్ దిద్ది నాకు స్క్రీన్‌షాట్ పంపాడు. “వుయ్ కెన్ ఫినిష్ బై థర్స్‌డే” కొట్టేసి, “వుయ్ షుడ్ ఫినిష్ బై థర్స్‌డే, ఇట్ మైట్ స్లిప్ టు ఫ్రైడే ఇఫ్ ద డేటా కమ్స్ లేట్” అని రాశాడు. కింద తెలుగులో ఒక లైను: “అన్నా, ఈసారైనా ఫోన్ రాదేమో!”